ఐదో స్పీకరు

డిటెక్టివ్ నిదానం బోటు షెడ్డు తలుపు తోసేసరికి ఇన్‌స్పెక్టరు అప్పటికే ఒక ముద్దాయిని తయారు చేసి స్టూలు మీద కూర్చోబెట్టుకున్నాడు.

ముద్దాయికి నలభై ఏళ్ళుంటాయి. ఎవరో ఫొటో తీస్తున్నట్టు మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని బిగుసుకుని ఉన్నాడు. గోళ్ళ సందుల్లో నల్లటి టేపు జిగురు. కార్లలో, పడవల్లో స్పీకర్లు బిగించడం అతని పని. అందుకే అందరూ అతన్ని సౌండు అంటారు. మనిషి మాత్రం గొంతెత్తి మాట్లాడిన పాపాన పోలేదు.

“రా అక్కా, రా,” అన్నాడు ఇన్‌స్పెక్టరు. “నువ్వు కూర్చునేలోపు కేసు అయిపోతుంది. టీ తాగి వెళ్ళు.”

“తెప్పించు. తాగేలోపు అయిపోతే నాకూ సంతోషమే,” అంది నిదానం, భుజానికున్న సంచి బల్ల మీద పెడుతూ.

ఒకప్పుడు ఈ ఇన్‌స్పెక్టరు ఆమె చేతికింద పని నేర్చుకున్నాడు. అప్పట్లోనే అతనికి మెరుపు అని పేరు. ముందు మెరుస్తాడు, ఆలోచన ఉరుములా కాసేపాగి వస్తుంది. ఆమెకి నిదానం అని పేరు పెట్టింది కూడా ఆ స్టేషన్లోనే. ఆమె ఉద్యోగం వదిలేసి సొంతంగా డిటెక్టివ్ పని పెట్టుకున్నాక పేరు మాత్రం వెంటే వచ్చింది. ఇద్దరూ ఏ కేసులో ఎదురుపడినా ఇదే వరస. అతను ఆటపట్టిస్తాడు, ఆమె పట్టించుకోదు. ఇద్దరికీ అందులో ఏదో సుఖం ఉంది.

ఈసారి పోయింది ఒక మనిషి, ఒక మోటారు పడవ.

మనిషి ప్రాక్టీసు మానేసి ఇంట్లో ఉంటున్న గుండె డాక్టరు. జెట్టీకి సరిగ్గా ఎదురుగా, రిజర్వాయరుకి తూర్పు ఒడ్డున ఆయన తమ్ముడి ఇల్లుంది. వారానికోసారి పడవలో వెళ్ళి, తమ్ముడితో చదరంగం ఆడి, సాయంత్రానికి తిరిగొస్తాడు. గంట కూడా పట్టని దారి. ఈరోజు పొద్దున కూడా అలాగే బయల్దేరాడు. కాకపోతే చెయ్యి చాపితే చెయ్యి కనిపించనంత పొగమంచు. మధ్యాహ్నం తమ్ముడు ఫోన్ చేసి “అన్నయ్య బయల్దేరలేదా?” అని అడిగాడు. అప్పటికి మంచు విడిపోయి నీళ్ళు అద్దంలా ఉన్నాయి. అద్దంలో పడవ లేదు. గాలి ఎడమకి వీస్తోందని పోలీసు లాంచీ ఎడమ పక్కంతా గాలించి వచ్చింది. చెక్క ముక్క కూడా దొరకలేదు.

డాక్టరు భార్య నిదానానికి ఫోన్ చేసింది. ఇప్పుడు మూడున్నర. ఇంకో రెండు గంటలు దాటితే చీకటి పడుతుంది. అంత నీటిలో చీకట్లో ఒక చిన్న పడవని వెతకడమంటే చేత్తో గోడ తడుముకోవడమే.

“నీ కేసేమిటో చెప్పు,” అంది నిదానం.

మెరుపు ఉత్సాహంగా వేళ్ళు మడిచాడు. “డాక్టరు తన పడవలో పాత స్పీకర్లు తీయించి కొత్తవి పెట్టించుకున్నాడు. పెద్ద యాంప్లిఫయరు, టచ్ స్క్రీను, అంతా హంగామా. పని చేసింది వీడు. ఆ పడవలో దారి చూపించే జీపీఎస్ ఉండాలి కదా? అది వీడి వ్యానులో దొరికింది. నిన్న సాయంత్రం పడవ దగ్గరికి వెళ్ళలేదంటున్నాడు. వెళ్ళడం జెట్టీ కాపలాదారు కళ్ళారా చూశాడు. జీపీఎస్ మాయం చేసి, మంచులోకి పంపి, అడిగితే అబద్ధం. ఇంకేం కావాలి?”

“ఎందుకు చేశాడు?”

“అది వాడే చెప్తాడు.”

“డాక్టరెక్కడున్నాడు?”

“అదీ వాడే చెప్తాడు.”

“నీకు ముద్దాయి దొరికాడు. నాకు డాక్టరు కావాలి,” అంది నిదానం. “ఎవరేం చేశారో ఆయన దొరికాక తీరిగ్గా కూర్చుని చూసుకుందాం.”

టీ వచ్చింది. ఆమె గ్లాసు పట్టుకుని బయటికి నడిచింది.

*

డాక్టరు భార్య జెట్టీ చివర బల్ల మీద కూర్చుని ఉంది. ఒళ్ళో ఆయన స్వెట్టరు. నీళ్ళకేసి చూస్తోందే గాని ఏమీ చూడటం లేదు. నిదానం పక్కన కూర్చుని గ్లాసు ఆవిడ చేతిలో పెట్టింది. వద్దనడానికి కూడా ఓపిక లేక ఆవిడ రెండు గుక్కలు తాగింది.

తప్పిపోయినవాళ్ళ కేసుల్లో నిదానం మొదట అడిగేది ఒకటే. వెళ్ళేటప్పుడు ఏమన్నారు, మీరేమన్నారు. మిగతావన్నీ జనం మరచిపోతారు, కలిపి చెప్తారు, దాచుకుంటారు. గుమ్మం దగ్గరి మాటలు మాత్రం ఎవరూ మరచిపోరు. వాటిని ఎన్నిసార్లు తలచుకుని ఉంటారో వాళ్ళకే తెలియదు.

“వదినగారూ, పొద్దున మీరే తీసుకొచ్చారా ఆయన్ని?”

“నేనే. కారులో. ఆయన తాడు విప్పుతున్నారు. మంచు ఇలా ఉంది, కాసేపాగి వెళ్ళండి అన్నాను. మాట్లాడలేదు. ఆయన ఫోన్ ఎప్పుడూ ఇంట్లోనే వదిలేస్తారు, పోనీ చేరగానే తమ్ముడి చేత ఫోన్ చేయించండి అన్నాను. దానికీ మాట లేదు. ఇంజన్ కూడా వేయలేదింకా. జాగ్రత్తండీ అని ఈసారి గట్టిగానే అన్నాను. వెనక్కి తిరిగి కూడా చూడలేదు. అలా వెళ్ళిపోయారు.”

“ముందేమన్నా మాటపట్టింపులు వచ్చాయా?”

“రాత్రి కాస్త విసుక్కున్నాను. ఇంత చిన్న పడవకి అంతేసి స్పీకర్లు దేనికి, నీళ్ళలో చేపలకి పెళ్ళా అని. నవ్వారు కూడా. మరి మనసులో పెట్టుకున్నారేమో. కోపంతో వెళ్ళిన మనిషి…” ఆవిడ స్వెట్టరు చేతులు మడతపెట్టింది, విప్పింది, మళ్ళీ మడతపెట్టింది. “పొద్దున్నించీ నాకదే. కోపంతో వెళ్ళారు.”

“కోపమొస్తే మాట్లాడటం మానేసే మనిషా?”

“ఆయనా? కోపమొస్తే ఆపడం కష్టం. చిన్నప్పటి సంగతుల నుంచి మొదలుపెడతారు.”

“మీరు పిలిచినప్పుడు మీకు ఆయన ఏ పక్క కనిపిస్తున్నారు? కుడి భుజమా, ఎడమా?”

“ఎడమ,” అందావిడ. అన్నాక నిదానం మొహంలోకి చూసి గబుక్కున తల తిప్పుకుంది.

నిదానం అది చూసింది. చూసినట్టు కనిపించలేదు. “ఆయన పడవలో ఉన్న ఫొటో ఏదైనా ఉందా?” అని మాత్రం అడిగింది.

ఉంది. ఫోనులో పోయిన నెల తీసింది. స్టీరింగు పట్టుకుని ఏదో ఓడ కెప్టెన్‌లాగా ఛాతీ విరుచుకుని నవ్వుతున్నాడు డాక్టరు. ఆయన ముందున్న నల్లటి డ్యాష్‌బోర్డు మధ్యలో గాజు బుడగలాంటి కంపాస్. దానికి కుడి పక్కన జానెడు దూరంలో ఒక నీలం చేప బొమ్మ.

“మనవరాలు అంటించింది. పీకేస్తానంటే ఊరుకోరు,” అంది ఆవిడ. ఆ మాటకి పొద్దున్నించీ మొదటిసారి ఆవిడ మొహం కొంచెం తేరుకుంది.

*

పడవ లేకపోయినా పడవకి పని జరిగిన చోటు ఉంది కదా. నిదానం షెడ్డులోకి తిరిగొచ్చి, కొంగు బొడ్లో దోపుకుని, చీపురు పట్టిన మనిషిలా నేలంతా చూడటం మొదలుపెట్టింది.

“అక్కా, ఊడవడానికి మనిషిని పంపిస్తాలే,” అన్నాడు మెరుపు.

“నువ్వు ఊడ్చేసుంటే నాకు ఏడుపే మిగిలేది. కాళ్ళు తియ్యి.”

గోడ వారగా కొత్త స్పీకర్ల డబ్బాలు పేర్చి ఉన్నాయి. పాత స్పీకర్లు గోనె సంచిలో ఉన్నాయి, తుప్పుపట్టి, జాలీలు ఊడిపోయి. వైరు ముక్కలు, టేపు ఉండలు, కత్తిరించిన ప్లాస్టిక్ తాళ్ళు. మూలనున్న చెత్తడబ్బాని ఆమె నేల మీద బోర్లించింది. అందులోంచి గుండ్రటి బిళ్ళలు దొర్లాయి. స్పీకరు పట్టేలా ప్లాస్టిక్ పలకను గుండ్రటి రంపంతో కోస్తే ఊడివచ్చే ముక్కలవి.

“ఎన్ని స్పీకర్లు పెట్టావు బాబూ?” అని అడిగింది, తలెత్తకుండానే.

“నాలుగు మేడమ్,” అన్నాడు సౌండు. “వెనక సీటు కింద రెండు, పక్కల రెండు.”

“డ్యాష్‌బోర్డులో?”

“లేదు మేడమ్. అక్కడ స్క్రీను ఒక్కటే. జీపీఎస్ ఉన్న కంతలోనే పట్టింది. జీపీఎస్ పక్కన బిగిద్దామంటే దానికి వేరే బ్రాకెట్ కావాలి, ఇంకా రాలేదు. అందుకే వ్యానులో భద్రంగా పెట్టాను. డాక్టరుగారికి చెప్పాను. ఈ దారి నేను కంపాస్ చూసి కళ్ళు మూసుకుని పోతాను, నువ్వు పాటల సంగతి చూడు అన్నారు.”

“విన్నావా, కాకమ్మ కథ,” అన్నాడు మెరుపు.

నిదానం బిళ్ళలు ఏరి బల్ల మీద వరసగా పెట్టింది. తెల్లటివి నాలుగు. పడవ గోడల తెలుపు అది. తర్వాత చెత్తలోకి మళ్ళీ వంగి ఇంకొకటి తీసింది. అది తెల్లగా లేదు. నల్లగా, గరుగ్గా ఉంది. మిగతా వాటికంటే పెద్దది. తిప్పి చూసింది. దాని నడినెత్తిన నీలం చేప ఈదుతోంది.

ఆమె ఆ బిళ్ళని తీసుకెళ్ళి సౌండు మోకాలి మీద పెట్టింది.

సౌండు దాన్ని చూశాడు. తర్వాత తలుపు వైపు చూశాడు, అక్కడ నిలబడి ఉన్న డాక్టరు భార్య వైపు. ఆవిడ ఎప్పుడు వచ్చిందో ఎవరూ గమనించలేదు.

“ఇది నిన్న సాయంత్రం పని,” అంది నిదానం. “నాలుగు పెట్టి వెళ్ళిపోయాక మళ్ళీ వచ్చి ఐదోది పెట్టావు. డాక్టరుకి తెలియకుండా. అవునా?”

“నేను రాలేదు మేడమ్.”

“కాపలాదారు చూశాడురా,” అన్నాడు మెరుపు.

“రాలేదు సార్.”

“అబద్ధం నీకు చేతకాదు బాబూ, చెవులు ఎర్రబడుతున్నాయి,” అంది నిదానం మెత్తగా. “ఎవరికో మాటిచ్చినట్టున్నావు. ఆ మాట ఈ గంట పక్కన పెట్టకపోతే ఎవరికోసమైతే ఇచ్చావో ఆ మనిషే ఉండడేమో.”

తలుపు దగ్గర్నించి డాక్టరు భార్య మాట్లాడింది.

“నేనే పెట్టించాను.”

మెరుపు నోరు తెరిచాడు. నిదానం చెయ్యెత్తి అతన్ని ఆపింది.

“ఆయనకి ఎడమ చెవి సరిగ్గా వినబడదు,” అంది ఆవిడ. “ఒప్పుకోరు. టీవీ సౌండు పెంచితే టీవీ పాడైందంటారు. ఫోన్ వినబడకపోతే సిగ్నల్ లేదంటారు. పడవలో స్పీకర్లు కూడా పాడయ్యాయన్నారు, అందుకే ఇదంతా. నాలుగు కొత్తవి పెట్టాక కూడా ఆయన తృప్తిగా లేరని మొహం చూస్తే తెలిసింది. పాపం, ఎంతో ఆశపడ్డారు. అందుకని ఇతన్ని బతిమాలాను. కుడి చెవికి దగ్గరగా, స్టీరింగు పక్కన, అన్నిటికంటే పెద్దది ఒకటి పెట్టు, ఆయనకి మాత్రం చెప్పకు, స్పీకర్లు ఇప్పుడు బాగా పాడుతున్నాయి అనుకుంటారు, అన్నాను. నల్ల జాలీ వేస్తే డ్యాష్‌బోర్డులో కలిసిపోతుందన్నాడు. పొద్దున ఆ మంచు మసకలో ఆయన గమనించినట్టు లేదు.” ఆవిడ సౌండు వైపు చూసింది. “చెప్పేయాల్సింది బాబూ. వాళ్ళిలా కూర్చోబెట్టినప్పుడైనా.”

“మీరు చెప్పొద్దన్నారు కదా అమ్మగారూ,” అన్నాడు సౌండు.

మెరుపు బుర్ర గీరుకున్నాడు. “సరే. స్పీకరు పెట్టించారు. ఇందులో నేరమేముంది? డాక్టరు దొరకడానికీ దీనికీ సంబంధమేమిటి? అక్కా, నువ్వు పొద్దుగుంకేదాకా పాటల గురించే మాట్లాడించేలా ఉన్నావు.”

“స్పీకరు వెనకాల ఏముంటుంది బాబూ?” అని అడిగింది నిదానం సౌండుని.

“అయస్కాంతం మేడమ్.”

“పెద్ద స్పీకరుకి?”

“పెద్ద అయస్కాంతం,” అని ఆగాడు సౌండు. మోకాలి మీదున్న చేప బొమ్మ వైపు చూశాడు. కార్లలో బిగించేవాడు అతను. కార్లకి కంపాస్ ఉండదు. ఆ సంగతి అతనికి ఇప్పుడే తట్టింది. “అయ్యో,” అన్నాడు, ఎవరికీ వినబడనంత చిన్నగా.

*

స్పీకర్లు జతలుగా అమ్ముతారు. ఐదోదానికి జోడు డబ్బాలోనే ఉంది. మెరుపు సణుగుతూనే లాంచీ డ్రైవరు దగ్గర్నించి ఒక కంపాస్ తెప్పించాడు.

“ఇప్పుడు సూది జోస్యం చెప్తుందా?”

“చెప్తుంది. దక్షిణ తాంబూలాలు కూడా అడగదు. ఆ బల్ల కొసని తూర్పుకి తిప్పు.”

బల్లని పడవ ముక్కులా ఎదుటి ఒడ్డుకేసి తిప్పారు. నిదానం కంపాస్‌ని బల్ల మధ్యలో పెట్టింది. ఫొటోలో చూసినట్టే దానికి కుడి పక్కన జానెడు కొలిచి గుర్తు పెట్టింది.

“స్పీకరు మొహం ఎటు పెట్టావు?”

“డాక్టరుగారి వైపు మేడమ్.”

“అలాగే పెట్టు. నువ్వే పెట్టు.”

సౌండు పెట్టాడు.

సూది ఒళ్ళు విరుచుకున్నట్టు కదిలింది. ఉత్తరాన్ని వదిలేసి కుడికి జరిగింది. గడియారంలో పన్నెండు మీదున్న ముల్లు ఒంటిగంట దాటినంత జరిగి, అక్కడ తాపీగా స్థిరపడింది. అదే ఉత్తరమన్నంత ధీమాగా.

మెరుపు స్పీకరుని దూరంగా జరిపాడు, సూది వెనక్కి వచ్చింది. దగ్గరగా జరిపాడు, మళ్ళీ కుడికి పోయింది. చిన్నపిల్లాడిలా మరోసారి చేసి చూశాడు.

“ఆయనకి అనుమానం రాదా?”

“ఏం చూసి వస్తుంది? చుట్టూ మంచు. ఒడ్డు లేదు, ఎండ లేదు. కళ్ళు మూసుకుని నమ్మే కంపాస్. ఉత్తరం కుడికి జరిగితే తూర్పూ కుడికే జరుగుతుంది. ఆయన దాని వెంటే పోయాడు. తమ్ముడింటికి వెళ్తున్నాననుకుంటూ కుడికి, ఇంకా కుడికి.” నిదానం గోడ మీదున్న రిజర్వాయరు పటం దగ్గరికి వెళ్ళింది. జెట్టీ నుంచి ఎదురుగా ఉన్న ఇంటికి ఒక వేలు, సూది పక్కకి జరిగినంత మేర కుడికి ఇంకో వేలు. “నువ్వు పొద్దున్నించీ ఎడమ పక్క గాలిస్తున్నావు తమ్ముడూ.”

“గాలి ఎడమకి కదా అని…” అని మొదలుపెట్టి మెరుపు ఆగిపోయాడు. అతని కళ్ళు ఆమె రెండో వేలి చివర ఉన్నాయి. ఆ వేలు రిజర్వాయరు సన్నబడే చోట, ఎర్ర గీతలు కొట్టి పడవలు రాకూడదని రాసిన చోట ఆగి ఉంది.

డ్యామ్ గేట్లు.

“బ్యాటరీ ఒకటా, రెండా?” అని అడిగింది నిదానం వెనక్కి తిరక్కుండా.

“ఒకటే మేడమ్,” అన్నాడు సౌండు. “పాటలకి వేరే పెడదామన్నాను. బరువెందుకు అన్నారు. ఇంజన్ ఆపి ఆ యాంప్లిఫయరు వేసుకుని కూర్చుంటే గంట, గంటన్నరలో దిగిపోతుంది. ఆపైన ఇంజన్ పట్టదు.”

“ఒడ్డు రాకపోయేసరికి, మంచు విడిపోయాక చూద్దామని ఇంజన్ ఆపి పాటలు వేసుకుని ఉంటాడు. మంచు విడిపోయేసరికి బ్యాటరీ లేదు. నీళ్ళు ఎటు లాగితే అటే పోయి ఉంటాడు.” ఆమె మెరుపు వైపు తిరిగింది. “ఈ రోజుల్లో గేట్లు ఎత్తుతున్నారా?”

మెరుపు గడియారం చూశాడు. ఆమె ఎన్నో ఏళ్ళుగా ఎరిగిన ఆ మొహం మీద వేళాకోళం చెరిగిపోయింది. “రోజూ ఎత్తుతున్నారు. ఐదింటికి.”

నాలుగుంబావు దాటింది.

*

లాంచీలో నిదానం రెండు చేతులతో ఇనుప కమ్మీని పట్టుకుని నిలబడింది. ఆమెకి నీళ్ళంటే చచ్చేంత భయం. ఆ సంగతి ఎరిగిన మెరుపు ఈసారి ఏమీ అనకుండా లైఫ్ జాకెట్ పట్టీ తనే బిగించాడు.

డ్యామ్ ఆఫీసుకి ఫోన్ మోగుతోంది, ఎవరూ ఎత్తడం లేదు. గేట్ల సమయానికి అందరూ పైన వంతెన మీద ఉంటారట. మెరుపు వైర్‌లెస్‌లో అవుట్‌పోస్టు కానిస్టేబుల్‌ని పట్టుకున్నాడు. “పరిగెత్తు. నడక కాదు, పరుగు. గేటు మీద చెయ్యి వేయొద్దని చెప్పు. నా పేరు చెప్పు, ఎవరి పేరైనా చెప్పు.” తర్వాత నిదానం వైపు చూడకుండా అన్నాడు, “మూడు సైరన్లు మోగిస్తారక్కా. మూడోది అయిపోగానే ఎత్తుతారు.”

డాక్టరు భార్య లాంచీ ముందుభాగంలో నిలబడింది. రావద్దంటే వినలేదు. సౌండు ఆవిడ వెనకాలే నిలబడ్డాడు, పడితే పట్టుకోవడానికి అన్నట్టు.

మలుపు తిరగగానే మొదటి సైరన్ మోగింది. నీళ్ళ మీదుగా వచ్చి, కొండకి తగిలి, మళ్ళీ వచ్చింది. అందరూ ఒక్కసారిగా చెవులు మూసుకున్నారు. లాంచీ రేకు కూడా అదిరింది.

“అదిగో,” అన్నాడు లాంచీ డ్రైవరు.

గేట్ల ముందు పడవలు రాకుండా తేలే డ్రమ్ముల వరస కట్టి ఉంది. ఆ డ్రమ్ములకి ఆనుకుని, తొట్టిలో కాగితం పడవలా, తెల్లటి మోటారు పడవ. పడవలో డాక్టరు. గేట్లకి వీపు పెట్టి కూర్చుని, ఎండలో కాళ్ళు చాపుకుని, నారింజపండు తొనలు ఒలుచుకుంటున్నాడు. మనిషి ఒంటి మీద దెబ్బ లేదు, మొహంలో బెంగ లేదు.

డాక్టరు భార్య రెండు చేతులూ నోటి దగ్గర పెట్టుకుని పిలిచింది. మెరుపు అరిచాడు. సౌండు, పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నించి ఎన్నడూ అరవనంత గట్టిగా అరిచాడు. డాక్టరు ఒక తొన నోట్లో వేసుకున్నాడు.

రెండో సైరన్ మోగింది. డ్రమ్ముల మీద వాలిన కొంగలన్నీ ఒక్కసారిగా లేచాయి. నిదానం ఆ కొంగలను చూడలేదు, డాక్టరుని చూస్తోంది. పక్షులు తన నెత్తి మీదుగా ఎగిరిపోయాక, ఆ నీడలు పడవలో పడ్డాక, అప్పుడు ఆయన తల పైకెత్తాడు. ఎందుకు ఎగిరాయో అన్నట్టు ఆశ్చర్యంగా చూసి, మళ్ళీ నారింజ వైపు తిరిగాడు.

వాళ్ళావిడ ఎడమ చెవి ఒక్కటే అంది కదా, అనుకుంది నిదానం. సైరన్ స్తంభం ఆయన కుడి పక్క ఒడ్డునే ఉంది.

డాక్టరు భార్య కూడా చూసింది. పిలవడం మానేసింది. చేతులు నోటి దగ్గర్నించి మెల్లగా కిందికి దించింది.

“తాడు విసరండి,” అని మెరుపు లాంచీ అంచున వంగాడు. మూడో సైరన్ మొదలైంది. లాంచీ డ్రమ్ముల పక్కకి వచ్చి పడవకి తగిలింది. ఆ కుదుపుకి డాక్టరు తిరిగి చూశాడు. సౌండు ఒక్క దూకు దూకి పడవ ముక్కుకి తాడు కట్టాడు. మెరుపు డాక్టరుని రెండు చంకల్లో చేతులు వేసి, నారింజతో సహా, లాంచీలోకి లాగేశాడు.

సైరన్ సగంలో తెగిపోయింది. వంతెన మీద ఎవరో ఖాకీ చొక్కా మనిషి రెండు చేతులూ ఊపుతున్నాడు. గేట్లు కదల్లేదు.

లాంచీ డ్రైవరు పడవని వెంటలాక్కుంటూ వెనక్కి తిప్పాడు. డ్రమ్ములు నెమ్మదిగా దూరమయ్యాయి, గేట్లు చిన్నవయ్యాయి. సౌండు నేల మీద చతికిలబడి నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో తెలియకుండా ఉన్నాడు. మెరుపు అతని భుజం తట్టి, “లేవరా, ముద్దాయిగిరీ అయిపోయింది,” అన్నాడు.

“ఏమైందోయ్, ఇంతమంది వచ్చారు?” అన్నాడు డాక్టరు చుట్టూ చూస్తూ. “ఇంజన్ పట్టలేదు. ఎవరో ఒకరు వస్తార్లే అని కూర్చున్నాను. కంపాస్ కూడా ఇవాళ ఏదో తిక్కగా ఉంది.”

“సైరన్ మోగుతుంటే చేతులన్నా ఊపాలి కదండీ,” అన్నాడు మెరుపు. “మా ప్రాణాలు పోయాయి. మూడుసార్లు మోగింది.”

డాక్టరు అతని పెదవులకేసే చూస్తున్నాడు. కళ్ళు చికిలించి, మాట పూర్తయ్యేదాకా ఆగి, చివరికి మర్యాదగా నవ్వాడు.

“ఏ సైరన్?” అన్నాడు.

మెరుపు నిదానం వైపు చూశాడు.

డాక్టరు అందరి మొహాలూ ఒక్కొక్కటే చూశాడు. చివరికి భార్య మొహం దగ్గరికి వచ్చేసరికి నవ్వు ఆగింది. చేతిలోని నారింజ తొక్కలు లాంచీ అంచు మీద పెట్టి, ఆమె పక్కన కూర్చున్నాడు.

“పొద్దున పిలిచావా నన్ను?” అని అడిగాడు.

ఆవిడ తలూపింది.

“ఎడమది ఎప్పుడో పోయింది. అది నీకు తెలుసనీ నాకు తెలుసు.” మాట కోసం ఆయన తడుముకోలేదు, చాలాసార్లు లోపల అనుకున్న మాటలా వచ్చింది. “రెండోది కూడా పోతోంది. క్లినిక్ మూసేసింది విసుగొచ్చి కాదు. ఒకావిడ పరీక్షకి వచ్చింది. ఛాతీ మీద స్టెతస్కోపు పెట్టాను. ఏమీ లేదు. నిశ్శబ్దం. తలెత్తి చూస్తే ఆవిడ నన్ను చూసి నవ్వుతోంది. ఇంక ఆ మర్నాటి నుంచి వెళ్ళలేదు.”

నిదానం నీళ్ళకేసి చూస్తూ నిలబడింది. ఇలాంటప్పుడు పక్కవాళ్ళు చూపు ఎక్కడ పెట్టాలో ఆమెకి తెలుసు. మెరుపు కూడా ఆమె పక్కకే వచ్చి నిలబడ్డాడు.

డాక్టరు భార్య వెంట తెచ్చిన స్వెట్టరు మడత విప్పి ఆయన భుజాల మీద కప్పింది. ఆయన ఆమె మణికట్టు అందుకున్నాడు. ఏళ్ళ తరబడి అలవాటైన రెండు వేళ్ళు నాడి ఉన్న చోటే ఆనాయి. తల కొంచెం వంచి, కళ్ళు మూసుకుని, కాసేపు అలాగే పట్టుకున్నాడు.

“చాలా తొందరగా కొట్టుకుంటోంది,” అన్నాడు. “భయపడ్డావా?”

“పడ్డాను,” అంది ఆవిడ, పెదవులు ఆయనకి కనబడేలా ఎండ వైపు మొహం తిప్పి.